అమ్మినవాడు పిరికివాడు: క్రిప్టో గ్రూపుల భాష

శ్రోతలకు నమస్కారం.

ముందుగా ఒక మెసేజ్ వినండి. "జీఎం బ్రోస్! మార్కెట్ ఎర్రబడగానే పేపర్ హ్యాండ్స్ అంతా అమ్ముకుని పోతున్నారు. ఫడ్ పట్టించుకోకండి. డిప్‌లో ఇంకొంచెం ఎత్తండి, హోడ్ల్ చెయ్యండి. వాగ్మీ! ఎన్‌ఎఫ్‌ఏ, డీవైఓఆర్."

ఇది నేను కల్పించి రాసిందే. కానీ టెలిగ్రామ్‌లో ఏ క్రిప్టో గ్రూపులోకి, అంటే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ కాయిన్లు కొని అమ్మేవాళ్ల గ్రూపులోకి, వెళ్లినా ఇలాంటివి కనిపిస్తూనే ఉంటాయి. విడివిడిగా చూస్తే కష్టమేమీ లేదు. జీఎం అంటే గుడ్ మార్నింగ్. పేపర్ హ్యాండ్స్ అంటే ధర కాస్త పడగానే కంగారుపడి అమ్మేసేవాళ్లు. ఫడ్ అంటే భయం, అనుమానం పుట్టించే ప్రచారం. డిప్ అంటే ధర పడిన సమయం. హోడ్ల్ చెయ్యడమంటే అమ్మకుండా పట్టుకుని కూర్చోవడం. వాగ్మీ అంటే మనమంతా గట్టెక్కుతాం అని. చివరి రెండూ చెప్పేది, ఇది పెట్టుబడి సలహా కాదు, మీ పరిశోధన మీరే చేసుకోండి అని.

అర్థాలు తెలిశాయి కదా, ఇప్పుడు ఆ మెసేజ్‌ని ఇంకోసారి తలుచుకోండి. ఆ కాయిన్ ఏమిటి, ఎవరు తయారుచేశారు, దానికి విలువ ఎక్కణ్ణుంచి వస్తుంది? వీటి గురించి ఒక్క ముక్క కూడా లేదు. ఉన్నదంతా మనుషుల గురించే. అమ్మినవాడు పిరికివాడు. ప్రశ్నించినవాడు శత్రువు. కొన్నవాడు మనవాడు. క్రిప్టోలో నిజమైన సాంకేతిక పదాలూ ఉన్నాయి, వాటికి తర్వాత వస్తాను. కానీ గ్రూపుల్లో చెలామణి అయ్యే మాటల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. కాబట్టి వాటి అర్థం అడిగి ఊరుకుంటే సరిపోదు. ఈ మాట నేను నమ్మితే ఎవరికి లాభం అని కూడా అడగాలి.

హోడ్ల్ సంగతే తీసుకుందాం. దీనికి పుట్టినరోజు కూడా ఉంది: 2013 డిసెంబరు 18. ఆ ఏడాది నవంబరు చివర్లో బిట్‌కాయిన్ ధర 1,100 డాలర్లు దాటింది. డిసెంబరు మొదట్లో చైనా కేంద్ర బ్యాంకు తమ దేశపు ఆర్థిక సంస్థలేవీ బిట్‌కాయిన్ జోలికి పోకూడదని చెప్పింది. పది పన్నెండు రోజుల్లో ధర దాదాపు సగానికి వచ్చేసింది. ఆ రాత్రి ఒకాయన బాగా విస్కీ పట్టించి, బిట్‌కాయిన్ అభిమానుల చర్చావేదికలో ఒక పోస్టు పెట్టాడు. "నేను హోల్డ్ చేస్తున్నాను" అని రాయబోతే ఇంగ్లిషు అక్షరాలు తారుమారై హోడ్ల్ అయింది. తప్పు పడిందని తెలిసి మళ్లీ టైపు చేసినా తప్పే పడింది, అలాగే వదిలేశాడు. తాగి ఉన్నానని పోస్టులో తనే ఒప్పుకున్నాడు. జనం తెగ నవ్వుకున్నారు, ఆ తప్పుమాటే నిలబడిపోయింది. ప్రాణం పోయినా వదలకు అని అర్థం వచ్చేలా ఆ నాలుగు ఇంగ్లిషు అక్షరాలకూ తర్వాత ఎవరో ఒక వాక్యం అతికించారు. అసలు అదే మూలమని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు.

ఆ పోస్టులో ఆయన చెప్పింది మాత్రం ఎవరికీ గుర్తున్నట్టు లేదు. తక్కువలో కొని ఎక్కువలో అమ్మడం నాకు చేతకాదు, నేను మంచి ట్రేడర్‌ని కానని నాకు తెలుసు, అందుకని ఆ ఆట ఆడను, ఊరికే పట్టుకుని కూర్చుంటాను. ఆయన వాదన ఇంతే. ఇది తన పరిమితి తెలిసిన మనిషి మాట. తాగి రాసినా, నా మటుకు నాకు క్రిప్టో ప్రపంచంలో ఇంత తెలివైన మాట అరుదు. ఆయన అన్నది బిట్‌కాయిన్ గురించి, తన గురించి. కాలం గడిచేసరికి అది ఏ కాయినైనా సరే, ఎవరైనా సరే, ఎప్పటికీ అమ్మకూడదనే ఆజ్ఞగా మారింది. 2013లో పట్టుకుని కూర్చున్నవాళ్లలో కొందరు తర్వాత కోటీశ్వరులయ్యారన్నది నిజమే. ఆ ఏళ్లలో పుట్టి మాయమైపోయిన వందలాది కాయిన్లనూ జనం అంతే భక్తిగా పట్టుకుని కూర్చున్నారు. వాళ్ల కథ చెప్పేవాళ్లు ఏ గ్రూపులోనూ ఉండరు. ఉంటే గింటే వాళ్లను బ్యాగ్ హోల్డర్ అంటారు, అంటే విలువ పోయిన సరుకు సంచితో మిగిలిపోయినవాడు. పట్టుకోవడం అదే పట్టుకోవడం. ధర పెరిగితే వజ్రాల చేతులు, పడిపోతే సంచి మోసేవాడు.

వజ్రాల చేతులు అన్నాను. డైమండ్ హ్యాండ్స్ అనే ఈ మాట క్రిప్టోకే సొంతం కాదు. అమెరికాలో షేర్లు ఆడే కుర్రాళ్ల ఆన్‌లైన్ గుంపు వాడుకునేది. 2021 జనవరిలో గేమ్‌స్టాప్ అనే వీడియోగేముల దుకాణాల కంపెనీ షేరు ధర ఒక్కసారిగా ఎగసిన గొడవప్పుడు ప్రపంచమంతా పాకింది.

ఫడ్ ఇంకా పాతది. 1970లలో జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ నిపుణుడు ఐబీఎం వదిలి సొంత కంపెనీ పెట్టాడు. తన యంత్రాలు కొనబోయేవాళ్ల మనసుల్లో ఐబీఎం సేల్స్ వాళ్లు భయం, అనిశ్చితి, అనుమానం నాటుతున్నారని చెప్పడానికి ఈ మాట వాడాడు. అప్పుడది పెద్ద కంపెనీ మీద చిన్నవాడి ఫిర్యాదు. క్రిప్టోలోకి వచ్చేసరికి తిరగబడింది. ఇప్పుడు కోట్ల డాలర్లు చేతిలో ఉన్నవాళ్లే, లెక్కలు చూపించమన్న మామూలు మనిషి నోరు మూయించడానికి వాడుతున్నారు.

2022 నవంబరు 7న ఎఫ్‌టీఎక్స్ అనే ఎక్స్ఛేంజ్ (కాయిన్లు కొని అమ్ముకునే వేదిక) యజమాని శామ్ బ్యాంక్‌మన్ ఫ్రీడ్, పోటీదారు ఒకరు తప్పుడు పుకార్లతో మమ్మల్ని దెబ్బతీయాలని చూస్తున్నాడు, మా దగ్గర అంతా బాగానే ఉంది అని ట్వీట్ చేశాడు. పుకార్లు అని ఆయన కొట్టిపారేసిన అసలు సంగతి నిజమే. జనం డబ్బు అక్కడ లేదు. నాలుగు రోజులు తిరిగేసరికి, నవంబరు 11న కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. 2024 మార్చిలో ఆయనకు పాతికేళ్ల జైలుశిక్ష పడింది.

ఆ పోటీదారు బైనాన్స్ అనే ఇంకో ఎక్స్ఛేంజ్‌కి అప్పటి అధిపతి చాంగ్‌పెంగ్ జావ్. ఆయన 2023 కొత్త సంవత్సరానికి చేయవలసినవి, చేయకూడనివి అని ఒక జాబితా రాసుకున్నాడు. అందులో 4వ అంశం ఫడ్‌ని, తప్పుడు వార్తల్ని, దాడుల్ని పట్టించుకోకపోవడం. ఆ తర్వాత కంపెనీ మీద ఏ వార్త వచ్చినా ఆయన ట్విటర్‌లో 4 అని ఒక్క అంకె పెట్టేవాడు. అభిమానులకు అర్థమైపోయేది. ఆ ఏడాది నవంబరులోనే, మనీ లాండరింగ్‌ని అడ్డుకునే ఏర్పాట్లు సరిగా చేయలేదన్న నేరాన్ని అమెరికా కోర్టులో ఒప్పుకున్నాడు. 2024 ఏప్రిల్‌లో శిక్ష పడింది. ఎంతో తెలుసా? 4 నెలలు. ఇది నేను కల్పించింది కాదు. 2025లో ట్రంప్ ఆయనకు క్షమాభిక్ష పెట్టాడు, ఆ మాట కూడా చెప్పడం న్యాయం.

ఇక లూనా కథ. ఫడ్, హోడ్ల్ కలిస్తే ఏమవుతుందో చూడాలంటే ఇదే చూడాలి. దక్షిణ కొరియాకు చెందిన డో క్వాన్ టెర్రా అనే వ్యవస్థ కట్టాడు. అందులో యూఎస్‌టీ అని ఒక స్టేబుల్‌కాయిన్, అంటే ఎప్పుడూ ఒక్క డాలరు విలువే ఉండాల్సిన కాయిన్. దాని వెనక డాలర్లు లేవు. లూనా అనే ఇంకో కాయిన్‌తో మార్చుకునే ఏర్పాటు మాత్రం ఉంది. యూఎస్‌టీ దాచుకుంటే ఏడాదికి దాదాపు 20 శాతం వడ్డీ ఇచ్చేవారు. దీని అభిమానులు తమకు తామే లూనాటిక్స్ అని పేరు పెట్టుకున్నారు. పిచ్చివాళ్లమని గర్వంగా చెప్పుకోవడమన్నమాట. బ్రిటన్‌కు చెందిన ఒక ఆర్థికవేత్త 2021లోనే ఈ ఏర్పాటు నిలవదని విమర్శిస్తే, ట్విటర్‌లో పేదవాళ్లతో వాదించను అని డో క్వాన్ జవాబిచ్చాడు. 2022 మే నెలలో యూఎస్‌టీ డాలరు నుంచి జారడం మొదలైంది. ఇంకా డబ్బు దింపుతున్నాం, కుర్రాళ్లూ నిలకడగా ఉండండి అని ఆయన ట్వీట్ చేశాడు. ఆ నెల మొదట్లో 80 డాలర్లకు పైన ఉన్న లూనా దాదాపు వారం రోజుల్లో ఒక సెంటులో చిన్న ముక్క కూడా చేయకుండా పోయింది. ఆవిరైన విలువ దాదాపు 4,000 కోట్ల డాలర్లు. మన దేశంలోనూ ఎక్స్ఛేంజీల్లో లూనా కొని పోగొట్టుకున్నవాళ్లున్నారు. డో క్వాన్ 2023లో మాంటెనెగ్రోలో పట్టుబడ్డాడు. 2025 ఆగస్టులో న్యూయార్క్ కోర్టులో మోసం నేరం ఒప్పుకున్నాడు.

అమ్మనివ్వని మాటలు ఇవైతే, కొనిపించే మాటలు ఇంకో రకం. ఫోమో అంటే అందరూ ఎక్కేశారు, నేనే మిగిలిపోయానన్న గాబరా. మూన్ అంటే ధర చంద్రమండలానికి పోతుందని ఆశ. ఎప్పుడు లాంబో అంటే లంబోర్గిని కారు కొనేదెప్పుడు అని. ఏప్ చెయ్యడమంటే ఏమీ చూడకుండా డబ్బు మొత్తం గుమ్మరించడం. వీటి దగ్గర ఆగాల్సింది లేదు. గ్రూపుల్లో తరచూ వినిపించే ఇంకో వాక్యం దగ్గర మాత్రం ఆగాలి: "ఈ కాయిన్ ఒక్క రూపాయి అయితే చాలు బ్రో."

బిట్‌కాయిన్ ఒకటి కొనాలంటే లక్షలు కావాలి కాబట్టి, పైసలో వెయ్యో వంతుకో ఇంకెంతకో దొరికే కాయిన్లు చవకగా అనిపిస్తాయి. షిబా ఇనూ అనే కాయిన్ సంగతి చూడండి. అవి లోకంలో దాదాపు 589 లక్షల కోట్లు ఉన్నాయి. ఒక్కొక్కటి రూపాయి కావాలంటే మొత్తం విలువ 589 లక్షల కోట్ల రూపాయలు కావాలి. 2024-25లో భారతదేశంలో ఏడాదంతా జరిగిన ఉత్పత్తి మొత్తం విలువే దాదాపు 330 లక్షల కోట్లు. చిన్న ధర చూసి ఆశపడే ముందు ఎన్ని కాయిన్లున్నాయో ఆ సంఖ్యతో గుణిస్తే చాలు. గ్రూపుల్లో ఈ గుణకారం ఎవరూ చెయ్యరు. చేసి చూపిస్తే ఫడ్ అంటారు. అన్నట్టు బిట్‌కాయిన్‌ని కూడా ముక్కలుగా కొనుక్కోవచ్చు. ఒక బిట్‌కాయిన్‌లో 10 కోట్ల సటోషీలుంటాయి, ముద్దుగా సాట్స్ అంటారు. బిట్‌కాయిన్‌ని 2008లో ప్రతిపాదించిన సటోషి నకమోటో పేరే అది. ఆ పేరు వెనక ఎవరున్నారో ఇప్పటికీ తేలలేదు.

నన్నడిగితే ఈ భాష మొత్తంలో అందరూ ముందుగా నేర్చుకోవాల్సిన మాట ఎగ్జిట్ లిక్విడిటీ. కాయిన్ పుట్టించినవాడి దగ్గర, మొదట్లోనే కొన్నవాడి దగ్గర కుప్పలుగా ఉంటాయి. వాళ్లు బయటపడాలంటే ఎవరో ఒకరు కొనాలి. ఆ కొనేవాళ్లే ఎగ్జిట్ లిక్విడిటీ. గ్రూపులో మిమ్మల్ని బ్రో అని, ఫ్యామిలీ అని పిలిచేవాళ్లు ఎదురుగా ఈ మాట అనరు. వెనక అంటారు.

2025 ఫిబ్రవరి 14న అర్జెంటీనా అధ్యక్షుడు హావియర్ మిలే లిబ్రా అనే కొత్త కాయిన్ గురించి ఎక్స్‌లో గొప్పగా రాశాడు. కొద్దిసేపట్లో దాని విలువ 400 కోట్ల డాలర్లు దాటింది, గంటల్లోనే 90 శాతానికి పైగా కూలిపోయింది. తర్వాత ఆయన ఆ పోస్టు తీసేసి, ఆ ప్రాజెక్టు వివరాలు నాకు సరిగా తెలియవు అన్నాడు. ఇలా డబ్బు పోగుపడ్డాక కాళ్ల కింద తివాచీ లాగేయడాన్ని రగ్ పుల్ అంటారు. దానికి ఇంకాస్త దుర్మార్గమైన రకం హనీపాట్. కొనడానికి వీలుంటుంది, అమ్మడానికి వీలుండదు. కోడ్‌లోనే అలా రాసిపెడతారు. 2021లో ఒక కొరియన్ వెబ్ సిరీస్‌కి వచ్చిన పేరు వాడుకుని, ఆ సిరీస్‌తో ఏ సంబంధమూ లేని ఒక కాయిన్ పుట్టింది. అది నవంబరు 1న 2,800 డాలర్లు దాటి, నిమిషాల్లో సున్నాకు దగ్గరైంది. అంతకు ముందు నుంచే కొన్నవాళ్లు అమ్మలేకపోతున్నామని మొత్తుకుంటున్నారు. అమ్మేవాడు లేకపోతే ధర పెరుగుతుంది, అందులో విచిత్రమేముంది?

సాంకేతిక పదాలకు వద్దాం. వీటిలో కపటం తక్కువ. ఇథీరియం అనే క్రిప్టో నెట్‌వర్క్‌లో ప్రతి లావాదేవీకీ కట్టే రుసుమును గ్యాస్ అంటారు. లావాదేవీ మధ్యలో విఫలమైనా అప్పటిదాకా ఖర్చయిన గ్యాస్ తిరిగి రాదు. అవతలివాళ్లు లోడు దించుకోకపోయినా లారీ తాగిన డీజిలు వెనక్కి రానట్టే. హాల్వింగ్ అంటే దాదాపు నాలుగేళ్లకోసారి కొత్తగా పుట్టే బిట్‌కాయిన్ల సంఖ్య సగమవడం. 2009లో ఒక్కో బ్లాకుకి, అంటే ఒక్కో లావాదేవీల కట్టకి, 50 పుట్టేవి, 2024 ఏప్రిల్ నుంచి 3.125 పుడుతున్నాయి. రెక్ట్ అంటే చితికిపోవడం. అప్పు తీసుకుని ఆడేవాళ్లు ఎక్కువగా అనేమాట. మీ డబ్బుకు పదింతల పందెం కాస్తే, ధర మీ పందేనికి ఎదురుగా 10 శాతం కదిలితే చాలు, మీ అసలు మొత్తం పోతుంది. పదింతలని యాప్‌లో చూపించేటప్పుడు లాభం వైపే చూపిస్తారు.

"తాళంచెవి నీది కాకపోతే కాయిన్ నీది కాదు." క్రిప్టో పాతకాపులు తరచూ చెప్పే మాట. ఎక్స్ఛేంజ్ యాప్‌లో కనిపించే అంకె మీ కాయిన్ కాదు, మీకివ్వాల్సిన బాకీ మాత్రమే అని దాని భావం. 2014లో టోక్యోలోని మౌంట్ గాక్స్ ఎక్స్ఛేంజ్ మూతపడ్డప్పుడు దాదాపు 8,50,000 బిట్‌కాయిన్లు పోయాయన్నారు. వాటిలో రెండు లక్షలు తర్వాత దొరికాయి. మన దేశంలో 2024 జులైలో వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజ్ మీద సైబర్ దాడి జరిగి, 23 కోట్ల డాలర్ల పైచిలుకు విలువైన కాయిన్లు పోయాయి. చాలా నెలల పాటు ఖాతాదారులు తమ కాయిన్లు బయటికి తీసుకోలేకపోయారు.

తాళంచెవి మన దగ్గరే పెట్టుకోవడమంటే సీడ్ ఫ్రేజ్ దాచుకోవడం. 2,048 ఇంగ్లిషు పదాల జాబితా నుంచి వచ్చే 12 లేదా 24 పదాల వరుస అది. ఆ పదాలు ఎవరికి తెలిస్తే కాయిన్లు వాళ్లవి. పోగొట్టుకుంటే ఇచ్చేవాడు లేడు, బ్యాంకు మేనేజరు లేడు, ఆధార్ చూపించి తెచ్చుకునేది లేదు. అమెరికాలో స్టెఫాన్ థామస్ అనే ప్రోగ్రామర్‌కి 7,002 బిట్‌కాయిన్లున్నాయి. వాటి తాళాలున్న పరికరానికి పెట్టిన పాస్‌వర్డ్ మర్చిపోయాడు. అది పది తప్పులే ఒప్పుకుంటుంది. 2021 నాటికే ఎనిమిది అయిపోయాయి. ఆ పాతకాపుల సలహా మంచిదే, కానీ అందరూ మోయగలిగిన బాధ్యత కాదు.

మన గ్రూపుల్లో దేశీ పదం ఒకటుంది, టీడీఎస్, అంటే డబ్బు చేతికి రాకముందే పట్టుకునే పన్ను. దాని మీద జోకులకు కొదవలేదు, లెక్క మాత్రం జోకు కాదు. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను. జులై నుంచి అమ్మకం మొత్తం మీద 1 శాతం టీడీఎస్. ఒక కాయిన్‌లో లక్ష పోయి ఇంకో కాయిన్‌లో లక్ష వస్తే, వచ్చిన లక్షకు పన్ను కట్టాల్సిందే. పోయిన లక్ష లెక్కలోకి రాదు. డిప్ కొనండి అని తెలుగులో వీడియోలు చేసేవాళ్లు ఈ ఒక్క వాక్యం చివర్లోనైనా చెబితే బాగుండేది. వాళ్లు చెప్పేది ఎన్‌ఎఫ్‌ఏ, డీవైఓఆర్. అరగంట సేపు కొనమని ఊదరగొట్టి, చివర్లో మీరే పరిశోధించుకోండి అంటే అది సలహా కాదు, ముందస్తు బెయిలు.

ఇంకో మాట మాత్రం నవ్వుతూ చెప్పలేను. ఆన్‌లైన్‌లో పరిచయం పెంచుకుని, స్నేహమో ప్రేమో నటించి, దొంగ క్రిప్టో యాప్‌లో పెట్టుబడి పెట్టించే మోసానికి చైనా ముఠాలు పెట్టుకున్న పేరు షా జూ పాన్. పందిని మేపి కోయడం అని. మోసపోయే మనిషి వాళ్ల లెక్కలో పంది. మొదట చిన్న లాభం నిజంగానే చేతికిస్తారు, అదే మేత. బాధితులను ఇలా పిలవడం వల్ల వాళ్లు సిగ్గుతో ఫిర్యాదుకే రావడం లేదని, ఈ పేరు మానేయాలని 2024 డిసెంబరులో ఇంటర్‌పోల్ కోరింది. ఈ మోసంలో మెసేజ్ పంపే వేళ్లు కూడా చాలాసార్లు బందీలవే. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి మన కుర్రాళ్లను కంబోడియాకు పంపి, అక్కడి సైబర్ మోసాల శిబిరాల్లో బలవంతంగా పని చేయిస్తున్నారని 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. ఏజెంట్లను అరెస్టు చేశారు. బాధితుల్లో కొందరు తిరిగి వచ్చారు.

ఇలాంటి వాటిలో డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. డబ్బు ఇంకా మన బ్యాంకు ఖాతాల్లో తిరుగుతూ ఉంటే ఆపే వీలుంటుంది. యూఎస్‌డీటీ అనే స్టేబుల్‌కాయిన్‌గా మారి దేశం దాటాక కష్టం. ఫిర్యాదు చేసిన కొద్దిరోజులకు మీకే ఒక ఫోనో మెసేజో రావచ్చు: పోయిన కాయిన్లు తెచ్చిపెడతాం, ముందు కొంచెం ఫీజు కట్టండి, మీ సీడ్ ఫ్రేజ్ చెప్పండి అని. వాళ్లను రికవరీ ఏజెంట్లంటారు. ఒకసారి మోసపోయినవాళ్ల నంబర్లు ముఠాల మధ్య చేతులు మారుతుంటాయి. ఆ ఫోన్ చేసేది కొన్నిసార్లు మొదటి ముఠావాళ్లే. నంబరు బ్లాక్ చేసి, ఆ సంగతి కూడా ఫిర్యాదులో చేర్చండి.

సెలవు. నమస్కారం.